మన ఊరి మనిషి మీద డాక్యుమెంటరీ తీయాలంటే: ఫోనుతో మొదలుపెట్టేవాళ్ళకి

ఈ మధ్య మన దేశం నుంచి వచ్చిన డాక్యుమెంటరీలు చూసి నేనూ ఒకటి తీయాలి అనుకుంటున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, కానీ చాలావరకు ఆ ఆలోచన కెమెరా ఏది కొనాలి అన్న దగ్గరే ఆగిపోతోంది. ఫోను చాలు. నిజంగా చాలు. పది పదిహేను నిమిషాల సినిమా, ఒక మనిషి, ఆ మనిషి రోజూ చేసే పని, ఇంతవరకు అనుకుంటే ఇవాళే మొదలుపెట్టొచ్చు. కావాల్సింది టైమ్, ఇంకా ఆ మనిషి మీద మీకు ఉండాల్సిన గౌరవం, మిగతావన్నీ నేర్చుకుంటే వచ్చేవే.

ముందు కొన్ని సినిమాలు చూడండి, కథ కోసం ఒకసారి, ఎలా తీశారో గమనించడానికి ఇంకోసారి. ద ఎలిఫెంట్ విస్పరర్స్ అందరికీ తెలిసిందే, తమిళనాడు ముదుమలై అడవిలో తెప్పకాడు ఏనుగుల క్యాంపులో బొమ్మన్, బెల్లి అనే ఇద్దరు రఘు అనే పిల్ల ఏనుగుని సాకిన కథ, 2023లో ఆస్కార్ వచ్చింది. షౌనక్ సేన్ తీసిన ఆల్ దట్ బ్రీత్స్‌లో ఢిల్లీ వజీరాబాద్‌లో ఇద్దరు అన్నదమ్ములు దెబ్బ తగిలిన గద్దలకి ఇంటి బేస్‌మెంట్లోనే వైద్యం చేస్తుంటారు, పక్కనే వాళ్ళ సోప్ డిస్పెన్సర్ల పని కూడా నడుస్తుంటుంది. సర్వ్‌నిక్ కౌర్ తీసిన అగైన్‌స్ట్ ద టైడ్ ముంబై కోలీ జాలర్లలో ఇద్దరు స్నేహితుల గురించి, ఒకతను పాత పద్ధతిలో ఒడ్డుకి దగ్గరగా వేట చేస్తాడు, ఇంకొకతను అప్పులు చేసి పెద్ద బోటుతో లోతు సముద్రానికి వెళ్తాడు. మన దేశానిది కాదు గానీ హనీల్యాండ్ తప్పకుండా చూడండి, ఉత్తర మాసిడోనియాలో కరెంటు లేని పల్లెలో తేనెటీగలు పెంచే ఒకావిడ కథ, 2020 ఆస్కార్లలో బెస్ట్ డాక్యుమెంటరీ, బెస్ట్ ఇంటర్నేషనల్ ఫిల్మ్ రెండిట్లోనూ నామినేట్ అయింది.

వీటన్నిట్లో కామన్‌గా ఉన్నది ఒకటే, తీసినవాళ్ళు మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. హనీల్యాండ్‌కి మూడేళ్ళు పట్టింది, నాలుగు వందల గంటల ఫుటేజ్ తీశారు. ఎలిఫెంట్ విస్పరర్స్ డైరెక్టర్ కార్తికీ గోన్సాల్వెస్ ఐదేళ్ళపాటు ఆ ఫ్యామిలీతో ఉంది, బయటికి వచ్చిన సినిమా చూస్తే నలభై నిమిషాలే. మీరు ఐదేళ్ళు తీయాలని నేను అనట్లేదు, కానీ ఒక ఆదివారం వెళ్ళి పొద్దున్నుంచి సాయంత్రం దాకా తీసేసి వచ్చేస్తే అది న్యూస్ బిట్ అవుతుంది, డాక్యుమెంటరీ అవ్వదు.

అందుకే సబ్జెక్ట్ ఎంచుకునేటప్పుడు రెండే చూడండి. మొదటిది, అది మీ ఇంటి నుంచి అరగంటలో చేరగలిగే చోట ఉండాలి. రెండోది, ఆ పని రోజూ జరగాలి. జాతర, పెళ్ళి, ఎలక్షన్ లాంటివి ఒక్కసారే జరుగుతాయి, షాట్ మిస్ అయితే మళ్ళీ రాదు, కొత్తవాళ్ళకి అవి చాలా కష్టం. అదే మగ్గం నేసే మనిషో, తెల్లారుజామున ఇడ్లీ బండి పెట్టుకునే అక్కో, ఉప్పాడలో వల బాగుచేసుకునే జాలరో, బీడీలు చుట్టే అమ్మమ్మో అనుకోండి, ఇవాళ జరిగిన పని రేపూ జరుగుతుంది. ఇవాళ దూరం నుంచి తీయండి, రేపు చేతులు తీయండి, ఎల్లుండి మొహం తీయండి, ఆ తర్వాత ఏమీ తీయకుండా మైకు ఒక్కటి పెట్టి శబ్దం రికార్డ్ చేసుకోండి. ఎడిటింగ్‌లో ఇవన్నీ కలిపితే ఒకే ఉదయంలా కనిపిస్తుంది. రోజువారీ పని మనకిచ్చే పెద్ద వరం ఇదే, దీన్ని వాడుకోకపోతే ఎలా.

ఉదాహరణకి కల్లు గీసే గౌడన్న మీద తీస్తున్నారు అనుకుందాం, తెలంగాణ పల్లెల్లో చాలామందికి అందుబాటులో ఉండే సబ్జెక్ట్ ఇది. పొద్దున, సాయంత్రం మోకు, అంటే నడుముకి చెట్టుకి కలిపి వేసే తాడు, వేసుకుని చెట్టు ఎక్కుతాడు, గెలని పల్చగా చెక్కుతాడు, లొట్టిలో, అంటే చెట్టుకి కట్టిన కుండలో, దిగింది వంపుకుని కిందకి వస్తాడు, అక్కడ్నుంచి కల్లు అమ్మే మండువా. ఇందులో కథ ఎక్కడుంది అంటారా. ఊరి పక్కన రియల్ ఎస్టేట్ వెంచర్ పడి తాటిచెట్లు పోతున్నాయేమో, కొడుకు చెట్టు ఎక్కను అని హైదరాబాద్‌లో డెలివరీ పనికి పోయాడేమో. 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీత కార్మికులకి సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది, చెట్టు మీంచి పడి ప్రాణాలు పోవడం, నడుములు విరగడం అంత తరచుగా జరుగుతోంది కాబట్టే కదా. మీ గౌడన్న ఆ కిట్ వాడుతున్నాడా, పాత మోకునే నమ్ముకున్నాడా, వాడకపోతే ఎందుకు వాడట్లేదు, ఇదొక్కటి ఓపిగ్గా పట్టుకున్నా సినిమా నిలబడుతుంది. పైన చెప్పిన సినిమాల్లోనూ అంతే, ఏదో ఒకటి తేలాల్సి ఉంటుంది, రఘుని వాళ్ళ దగ్గరే ఉంచుతారా తీసుకెళ్ళిపోతారా, హనీల్యాండ్‌లో పక్కకి వచ్చి దిగిన కుటుంబం వల్ల ఆవిడ తేనె ఏమవుతుంది. అలా అని ఆ ప్రశ్న మీరు ఇంట్లో కూర్చుని తయారు చేసుకుని వెళ్ళకండి, అక్కడ కొన్నాళ్ళు ఉంటే అదే బయటపడుతుంది.

మొదటి కొన్నిసార్లు ఫోను జేబులోనే ఉంచండి. వెళ్ళి కూర్చోండి, మాట్లాడండి, పనిలో చెయ్యి వేయనిస్తే వేయండి. మీరెవరు, ఎందుకు తీస్తున్నారు, ఎక్కడ పెడతారు, డబ్బులు వస్తాయా రావా, అన్నీ ముందే సూటిగా చెప్పేయండి. సరే అన్నాక ఆ మాట తెలుగులో ఒక కాగితం మీద రాసి చదివి వినిపించి సంతకం తీసుకోండి, చదువు రాకపోతే చదివి వినిపించడం, వాళ్ళు సరే అనడం వీడియోలో రికార్డ్ చేయండి. వద్దు అన్న రోజు తీయొద్దు, మధ్యలో ఇక చాలు అన్నా ఆపేయాలి. పిల్లలు ఫ్రేములో ఉంటే తల్లిదండ్రుల్ని విడిగా అడగండి. ఇంట్లో గొడవ, అప్పులవాడు రావడం, తాగి పడిపోవడం ఇలాంటివి కెమెరా ముందు జరిగినప్పుడు తీయగలిగారని వాడేయొద్దు, రేపు ఆ ఊర్లో బతకాల్సింది వాళ్ళు. ఈ ఒక్క విషయంలో నేను చాలా గట్టిగా ఉంటాను.

ఫోన్ సెట్టింగ్స్‌కి వద్దాం, ఇది త్వరగా అయిపోతుంది. అడ్డంగా పట్టుకుని తీయండి, నిలువు వద్దు. 1080పీ చాలు, స్టోరేజ్ బాగా ఉంటే 4కే. ఫ్రేమ్ రేట్, అంటే సెకనుకి ఎన్ని బొమ్మలు తీయాలన్నది, 25 పెట్టండి, ఎందుకంటే మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబ్‌లైట్ల కింద 30లో తీస్తే ఒక్కోసారి వెలుగు కొట్టుకుంటున్నట్టు వస్తుంది, షట్టర్, అంటే ఒక్కో బొమ్మకి వెలుగు పడే టైమ్, 1/50 సెకను పెట్టుకునే వీలుంటే ఇంకా మంచిది. మామూలు కెమెరా యాప్‌లో ఈ ఆప్షన్లు లేకపోతే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా అనే ఫ్రీ యాప్ ఉంది, ఐఫోన్‌కి ఉంది, కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకీ ఉంది. ఫోకస్, ఎక్స్‌పోజర్ (బొమ్మ వెలుగు) లాక్ చేయండి, లేకపోతే తెల్ల లుంగీ మనిషి ఫ్రేములోకి రాగానే మొత్తం చీకటి అయిపోతుంది. ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. లెన్స్ తుడవండి, జేబులో పెట్టుకునే ఫోను లెన్స్ మీద ఎప్పుడూ జిడ్డే. జూమ్ ముట్టుకోవద్దు, దగ్గరగా కావాలంటే నడిచి వెళ్ళండి. చిన్న ట్రైపాడ్, పవర్ బ్యాంక్, అంతే సామాను.

ఇప్పుడు సౌండ్. దీని మీద కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే బొమ్మ కాస్త అటూఇటూ ఉన్నా జనం చూస్తారు, మాట వినబడకపోతే రెండు నిమిషాల్లో తీసేస్తారు. ఫోన్ మైకు మనిషికి రెండడుగులు దాటితే ఇక ఆశ వదులుకోవాల్సిందే. వైరు ఉన్న మామూలు కాలర్ మైకు కొనండి, గడ్డానికి జానెడు కింద తగిలించండి, చొక్కా గుడ్డ రాసుకోకుండా చూడండి. ఇంకో ఫోను ఉంటే ఆ మైకు దానికి పెట్టి, దాంట్లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి వాళ్ళ జేబులో పెట్టి, మొదట్లో ఒకసారి చప్పట్లు కొట్టి, తర్వాత ఎడిటింగ్‌లో ఆ చప్పుడు దగ్గర రెండూ కలపండి. చెట్టు ఎక్కే మనిషికి మాత్రం వైర్లు తగిలించొద్దు, ఎంత మంచి సౌండ్ వస్తుందనుకున్నా వద్దు, ఎక్కే ముందు దిగిన తర్వాత తగిలించుకోవచ్చు. ఇంట్లో మాట్లాడించేటప్పుడు ఫ్యాన్ ఆపండి, టీవీ ఆపమని అడగండి, ఫ్రిజ్ గుయ్‌మంటుంటే ఇంకో గదిలోకి వెళ్ళండి. టీవీ ఆపడం ఇంకో కారణానికి కూడా అవసరం, వెనకాల సినిమా పాట వినపడితే రేపు యూట్యూబ్‌లో పెట్టగానే కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది, ఆ పాటని మనిషి గొంతు నుంచి శుభ్రంగా విడదీయడం తేలిక కాదు.

మాటలు కాకుండా పని శబ్దాలు విడిగా రికార్డ్ చేసుకోండి. మోకు చెట్టు బెరడుకి రాసుకునే శబ్దం, కత్తి నూరే శబ్దం, లొట్టిలోంచి వంపే శబ్దం. మగ్గం మీద తీస్తుంటే దారాన్ని మోసుకుపోయే నాడె అటూ ఇటూ తిరిగే శబ్దం, కాలి కింద చెక్క తొక్కినప్పుడు వచ్చే శబ్దం. ప్రతి చోటా మీరందరూ నోరు మూసుకుని ఒక నిమిషం ఊరికే ఆ చోటు శబ్దం రికార్డ్ చేయండి, ఎడిటింగ్‌లో రెండు మాటల మధ్య గ్యాప్ వచ్చినప్పుడు అది వేస్తే అతుకు తెలియదు. చాలామంది వెనక విషాదంగా ఒక ఫ్లూటో వయొలినో పెట్టేస్తారు, పేదరికం కనిపిస్తే చాలు ఫ్లూట్ మొదలవుతుంది, దయచేసి అది మానేయండి. మనిషి పని చేసుకుంటుంటే చూసేవాళ్ళు జాలిపడాలని మనం పాట పెట్టి చెప్పడం ఆ మనిషిని తక్కువ చేయడమే.

షాట్ ఎలా తీయాలి అన్నదానికి నాకు అన్నిటికంటే నచ్చిన పాఠం మన జహీరాబాద్ ఆడవాళ్ళు చెప్పింది. పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఉన్న రైతు మహిళలు, ఎక్కువమంది దళిత మహిళలు, చదువు లేనివాళ్ళు కూడా ఉన్నారు, 1990ల చివర్లోనే వీడియో కెమెరా నేర్చుకుని వాళ్ళ పంటల మీద, విత్తనాల మీద సినిమాలు తీశారు, వరంగల్ రైతుల బీటీ పత్తి కష్టాల మీద వాళ్ళు తీసిన సినిమా విదేశాల్లో కూడా చూశారు. ఊరి దొర చూసినట్టు పైనుంచి కిందకి చూస్తూ తీసేది పటేల్ షాట్ అనీ, సంఘంలో అందరూ సమానంగా కూర్చున్నట్టు మనిషి కళ్ళ ఎత్తులో కెమెరా పెట్టి తీసేది సంఘం షాట్ అనీ వాళ్ళే పేర్లు పెట్టుకున్నారు. సినిమా స్కూల్లో యాంగిల్స్ గురించి ఎన్ని క్లాసులు విన్నా ఇంత సూటిగా ఎవరూ చెప్పరు. కాబట్టి బీడీలు చుట్టే అమ్మమ్మ నేల మీద కూర్చుంటే మీరూ నేల మీద కూర్చోండి, ఫోను ఆమె కళ్ళకి సమానంగా పెట్టండి.

షాట్ పెట్టాక కదపకుండా మనసులో పది లెక్కపెట్టండి, ఇరవై అయితే ఇంకా మంచిది. కొత్తవాళ్ళు మూడు సెకన్లకే ఫోను తిప్పేస్తారు, ఇంటికొచ్చి చూసుకుంటే వాడటానికి ఒక్క షాట్ ఉండదు. ఆల్ దట్ బ్రీత్స్‌లో కెమెరా ఎంత నెమ్మదిగా కదులుతుందో చూడండి, రాత్రిపూట చెత్తలో తిరిగే ఎలుకల దగ్గర మొదలుపెట్టి నిమిషాల తరబడి చూపిస్తాడు, అప్పుడు మీకు ఆ ఊరు మొత్తం అర్థమవుతుంది. ప్రతి పనికీ దూరం షాట్ ఒకటి, నడుము దాకా ఒకటి, చేతులు ఒకటి, మొహం ఒకటి, వాళ్ళు దేన్ని చూస్తున్నారో అది ఒకటి ఉండాలి. చివరిది చాలామంది మర్చిపోతారు. ఇంకో మాట, షాట్ సరిగ్గా రాలేదని గౌడన్నని "అన్నా, మళ్ళీ ఒకసారి చెట్టు ఎక్కవా" అని అడగొద్దు. అది ప్రాణం మీదకి తెచ్చే పని, మీ షాట్ కోసం చేయాల్సింది కాదు. రేపు పొద్దున ఎలాగూ ఎక్కుతాడు, అప్పుడు తీసుకోండి.

ఇంటర్వ్యూ మొదటి రోజు అస్సలు పెట్టొద్దు. మొదటి రోజు అడిగితే జనం టీవీలో మాట్లాడినట్టు మాట్లాడతారు, మా సమస్యలు ప్రభుత్వం పట్టించుకోవాలి అంటూ మొదలుపెడతారు, అది వాళ్ళ తప్పు కాదు, కెమెరా అంటే ఇప్పటిదాకా వాళ్ళు చూసింది అదే. కొన్నాళ్ళు పోయాక, పని చేస్తూ ఉండగానే, పక్కన కూర్చుని మాట్లాడించండి. మీ వృత్తి గురించి చెప్పండి అని అడిగితే ఎవరికైనా ఏం చెప్పాలో తోచదు. "అన్నా, ఈ కత్తి ఎవరు చేసిచ్చిండ్రు?", "మొట్టమొదలు చెట్టెక్కిన రోజు ఎవరు తోలుకపోయిండ్రు?", "ఇంట్ల వదినె ఎప్పుడైనా వద్దన్నదా?" ఇలా చిన్నగా, చేతికి తగిలే విషయం అడగండి, అక్కడ్నుంచి వాళ్ళే పెద్ద విషయాల్లోకి వెళ్తారు. ఏ యాస వాళ్ళదైతే ఆ యాసలోనే మాట్లాడనివ్వండి, పుస్తకం భాషలోకి మార్చుకుని చెప్పమనకండి. జవాబు అయిపోయింది అనిపించాక వెంటనే ఇంకో ప్రశ్న వేయకండి, కాసేపు ఊరుకోండి, అసలు మాట చాలాసార్లు అప్పుడే వస్తుంది. మధ్యలో ఆఁ ఊఁ అనకుండా తల ఊపండి చాలు, లేకపోతే మీ గొంతు వాళ్ళ మాటల మీద పడుతుంది.

ఇంటికి రాగానే ఆ రోజు ఫుటేజ్ రెండు చోట్ల కాపీ చేయండి, ఒకటి కంప్యూటర్లో, ఒకటి హార్డ్ డిస్క్‌లో. ఫోల్డర్‌కి తేదీ, చోటు పేరు పెట్టండి. ఒక నోట్‌బుక్‌లో ఏ క్లిప్పులో ఏముందో, ఏ మాట బాగుందో ఆ రాత్రే రాయండి, నెల తర్వాత రాద్దాం అనుకుంటే అన్ని క్లిప్పులూ ఒకేలా కనిపిస్తాయి. రాస్తున్నప్పుడే ఏ షాట్ లేదో కూడా తెలుస్తుంది, మర్నాడు వెళ్ళి తెచ్చుకోవచ్చు.

ఎడిటింగ్‌కి కాస్త బలమైన కంప్యూటర్ ఉంటే డావిన్చీ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్ చాలు, లేకపోతే ఫోన్లో కైన్‌మాస్టర్ లాంటివి ఉన్నాయి. ముందుగా బాగున్న మాటలన్నీ వరసగా పేర్చేసి దాని మీద బొమ్మలు అతికించొద్దు, టీవీ వాళ్ళు చేసేది అదే. హనీల్యాండ్ వాళ్ళు ఏం చేశారో తెలుసా, ఆవిడ మాట్లాడే టర్కిష్ యాస డైరెక్టర్లకి అర్థం కాదు, అందుకని మొదట మాటలు వినకుండా బొమ్మని బట్టే ఎడిట్ చేశారు, తర్వాత మాటలు చూసుకున్నారు. మీరూ అలా చేసి చూడండి, సౌండ్ మ్యూట్ చేసి ఐదు నిమిషాల కట్ చేయండి, భాష రాని వాళ్ళకి చూపించండి, ఈ మనిషి ఎవరు, ఏం పని చేస్తాడు, ఇవాళ ఏం జరిగింది అన్నది వాళ్ళకి అర్థమైతే మీ సినిమా నిలబడినట్టే. అప్పుడు మాటలు కొంచెం కొంచెంగా వేయండి. మీ గొంతుతో వాయిస్ ఓవర్ తప్పనిసరి అయితేనే పెట్టండి, తరతరాలుగా, అంతరించిపోతున్న కళ లాంటి మాటలతో మాత్రం మొదలుపెట్టొద్దు. పని మధ్యలోంచి మొదలుపెట్టండి, ఊరి పేరు తర్వాత చెప్పొచ్చు. బాగా కష్టపడి తీసిన డ్రోన్ షాట్ ఉంది కాబట్టి పెట్టాలి అనిపిస్తుంది, కథకి పనికిరాకపోతే తీసేయండి.

పర్మిషన్ల సంగతి కూడా చూసుకోవాలి. రైల్వే స్టేషన్, పులుల అభయారణ్యం ఇలాంటి చోట్ల ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, ఆర్కియాలజీ వాళ్ళ కట్టడాల్లో ట్రైపాడ్ పెట్టాలన్నా అంతే. మ్యూజిక్ కావాలంటే యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఫ్రీగా దొరికేది వాడండి, లేదా ఊర్లో పాడేవాళ్ళు ఉంటే వాళ్ళ చేత పాడించుకుని దానికి వేరేగా డబ్బు, పేరు రెండూ ఇవ్వండి.

కట్ పూర్తయ్యాక, అప్‌లోడ్ చేయకముందే ఆ మనిషికి, ఇంట్లో వాళ్ళకి చూపించండి. ఫోన్లో లింక్ పంపడం కాదు, మీరు వెళ్ళి వాళ్ళ ఇంట్లో కూర్చుని చూపించండి. ఈ మాట తీసేయ్ బిడ్డా అంటే వాదించకుండా తీసేయండి. పని గురించి మీరు తప్పుగా చూపించింది ఏదైనా ఉంటే వాళ్ళు వెంటనే పట్టేస్తారు, వరస మారిపోయింది అనో, అది ఆ సీజన్లో చేసే పని కాదు అనో, అవన్నీ సరిచేసుకునే అవకాశం కూడా ఇదే. ఫైనల్ ఫైల్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో వాళ్ళకి ఇచ్చేయండి.

తర్వాత ఎక్కడ పెట్టాలి. యూట్యూబ్‌లో పెట్టడానికి సెన్సార్ అక్కర్లేదు, హాల్లో టికెట్ పెట్టి వేయాలంటే డాక్యుమెంటరీకి కూడా సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. ఫెస్టివల్స్‌కి పంపాలనుకుంటే యూట్యూబ్‌లో పెట్టకముందే పంపండి, ముందే ఆన్‌లైన్‌లో ఉన్న సినిమాల్ని కొన్ని ఫెస్టివల్స్ తీసుకోవు, రూల్స్ చదువుకోండి. ముంబై ఇంటర్నేషనల్ ఫిల్మ్ ఫెస్టివల్ 1990 నుంచి రెండేళ్ళకోసారి డాక్యుమెంటరీలు, షార్ట్ ఫిల్మ్‌లు, యానిమేషన్ సినిమాల కోసమే జరుగుతోంది, తిరువనంతపురంలో కేరళ వాళ్ళ డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్ 2008లో మొదలైంది, కొత్తవాళ్ళు వెళ్ళి చూడటానికైనా చాలా బాగుంటుంది. బయట పంపే ప్రతి కాపీకీ ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ ఉండాలి, యాస తెలిసినవాళ్ళ చేతే రాయించండి, ఆటోమేటిక్‌గా వచ్చేవి నమ్మొద్దు, మోకు, లొట్టి లాంటి మాటల్ని ఏదేదో చేసి పెడతాయి.